రోడ్డు సైకిలుకు కొత్త చక్రాలు: తిరుపతి చుట్టుపక్కల ఏవి నిలుస్తాయి?

రెండేళ్ల కిందట భాకరాపేట ఘాట్ ఎక్కుతుండగా వెనక చక్రంలో టింగుమని ఒక శబ్దం వచ్చింది. రాయి ఎగిరి తగిలిందేమో అనుకున్నాను. పది గజాలు పోయేసరికి సైకిలు తోక ఊపడం మొదలుపెట్టింది. దిగి చూస్తే క్యాసెట్ (వెనక చక్రం పళ్ల గుత్తి) వైపు స్పోకు ఒకటి మొదట్లో తెగి వేలాడుతోంది, రిమ్ము ఒక పక్కకు గుంజుకుపోయి ఫ్రేమును రాసుకుంటోంది. ఆ చక్రానికి ఉన్నవే ఇరవై స్పోకులు. ఒకటి పోతే ఆ లోటును మిగతా పందొమ్మిదీ పూడ్చలేవు. బ్రేకు పూర్తిగా వదులు చేసినా చక్రం తిరగలేదు. చివరికి మదనపల్లె నుంచి టమాటా పెట్టెలతో వస్తున్న ఒక వ్యాను అతను జాలిపడి, పెట్టెల మీద సైకిలు పడుకోబెట్టుకుని తిరుపతిలో దించాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ముప్పై ఏళ్లుగా చక్రాలు అల్లుతున్న మెకానిక్కు తెగిన ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి, "దీనికి మెడ వంపే లేదన్నా, బల్లపరుపుగా కత్తిలా ఉంది. ఇది నా దగ్గర దొరకదు" అన్నాడు. చెన్నైలో అడిగాను, బెంగళూరులో అడిగాను. ఆ ఒక్క స్పోకు చేతికి రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ సైకిలుతో పాటు వచ్చిన పాత బండ చక్రాల మీదే తిరిగాను. నిజం చెప్పాలంటే, శ్రీకాళహస్తి వెళ్లి రావడానికి పట్టే సమయంలో పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

అప్పటి నుంచి చక్రాలు మార్చాలని ఎవరు సలహా అడిగినా బరువు ఎంత అని నేను ముందు అడగను. ఈ చక్రం పాడైతే మన ఊళ్లో ఎవరు బాగుచేస్తారు అని అడుగుతాను. కింద రాసిన పోలికంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పందేలకు వెళ్లేవాళ్లకు ఇది కొంచెం చాదస్తంగా అనిపించవచ్చు.

ముందు మీ సైకిలును అడగండి

చాలామంది చక్రాన్ని ఇష్టపడి, ఆ తర్వాత అది తమ సైకిలుకు పడుతుందా అని చూస్తారు. వరస తిరగెయ్యండి. మీ సైకిలే సగం చక్రాలను పక్కన పెట్టేస్తుంది.

మొదటిది బ్రేకు. రిమ్మును పట్టుకునే బ్రేకు అయితే రిమ్ము అంచున బ్రేకు రబ్బరు ఆనే నున్నటి పట్టీ ఉన్న చక్రమే కావాలి. డిస్క్ బ్రేకు అయితే హబ్బు (చక్రం నడిబొడ్డు) మీద డిస్కు బిగించే ఏర్పాటు చూడాలి. అందులో ఆరు బోల్టులది ఒక రకం, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాక్ ఇంకో రకం. సెంటర్‌లాక్ హబ్బుకు ఆరు బోల్టుల డిస్కును అడాప్టరుతో బిగించుకోవచ్చు. ఆరు బోల్టుల హబ్బుకు సెంటర్‌లాక్ డిస్కు మాత్రం పట్టదు.

రెండోది ఇరుసు. రిమ్ బ్రేకు సైకిళ్లలో ముందు 100, వెనక 130 మిల్లీమీటర్ల వెడల్పుతో, చేతి మీటతో విప్పే క్విక్ రిలీజ్ ఇరుసు ఉంటుంది. ఇప్పటి డిస్క్ సైకిళ్లలో ఫ్రేములోంచి దూర్చి బిగించే 12 మిల్లీమీటర్ల లావున్న త్రూ యాక్సిల్, వెడల్పు ముందు 100, వెనక 142. ఈ రెంటికీ మధ్య కొన్నేళ్ల పాటు డిస్క్ బ్రేకు, వెనక 135 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ ఉన్న సైకిళ్లు వచ్చాయి. మీది అలాంటిదైతే కొనే ముందు స్కేలు పెట్టి కొలవండి, సైకిలుతో వచ్చిన కాగితాన్ని నమ్మకండి.

మూడోది క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్బు. షిమానో కంపెనీ 11 స్పీడ్ (క్యాసెట్‌లో పదకొండు పళ్ల చక్రాలు) రోడ్డు ఫ్రీహబ్బు ఉంటే చాలావరకు దిగులు లేదు. 8, 9, 10 స్పీడ్ క్యాసెట్లు సన్నటి వాషరు వేసి దాని మీదే ఎక్కించుకోవచ్చు. షిమానో 12 స్పీడ్ రోడ్డు క్యాసెట్లు కూడా దాని మీదే కూర్చుంటాయి. స్రామ్‌లో పది పళ్లతో మొదలయ్యే క్యాసెట్లకు మాత్రం ఎక్స్‌డీఆర్ అనే వేరే ఫ్రీహబ్బు కావాలి.

నాలుగోది టైరుకు ఉన్న చోటు. పాత రిమ్ బ్రేకు సైకిళ్లలో చాలావాటికి 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరే హద్దు. వెడల్పాటి రిమ్ము మీద అదే టైరు ఇంకా పొంగుతుంది. పాత 15 మిల్లీమీటర్ల రిమ్ము మీద 25గా నిలిచిన టైరు, లోపలి వెడల్పు 21 ఉన్న రిమ్ము మీద 27 దాకా పోతుంది. ఫ్రేముకూ టైరుకూ మధ్య కనీసం నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ మిగలాలి. లేదంటే వానలో తారు మీది చిన్న గులకరాయి ఒకటి ఇరుక్కున్నా ఫ్రేము రంగు గీరుకుపోతుంది.

లెక్క వేసి చూస్తే

చక్రాల ప్రకటనల్లో రెండే మాటలు వినిపిస్తాయి, తేలిక అని, గాలిని కోస్తుంది అని. రెండూ అబద్ధం కావు. ఎంత అన్నదే ప్రశ్న.

తేలిక సంగతి. సైకిలుతో వచ్చిన చక్రాల జత 1,900 గ్రాములు, మీరు కొనబోయేది 1,500 అనుకుందాం. తేడా 400 గ్రాములు. 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఆ 400 గ్రాముల కోసం మీ కాళ్లు అదనంగా ఖర్చు చేసే శక్తి సుమారు 2,350 జూళ్లు. 180 వాట్లతో నిలకడగా తొక్కే మనిషికి అది పదమూడు సెకన్ల పని. గంటకు దగ్గరగా సాగే ఎక్కుడులో పదమూడు సెకన్లు! బాటిల్లో నీళ్లు అర లీటరు తక్కువ పోసుకున్నా దాదాపు అంతే వస్తుంది. మన ఎండలకు ఆ పని మాత్రం చేయకండి.

"తిరిగే బరువు వేరు కదా" అంటారు. రిమ్ము అంచున ఉన్న బరువు వేగం పెంచేటప్పుడు రెట్టింపు బరువులా ప్రవర్తిస్తుంది, అంతకు మించి కాదు. ఒకే వేగంతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ రెట్టింపు కూడా లేదు. తేలిక చక్రం వేసుకోగానే సైకిలు ఉరికినట్టు అనిపించే మాట నిజమే, నాకూ అనిపించింది. కాలికి తెలిసిన ఆ హుషారు గడియారానికి అంతగా తెలియదు.

గాలి సంగతి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనం (మూడో ఘాతం) చొప్పున పెరుగుతుంది. (అంచు నుంచి ఇరుసు వైపు) 50 మిల్లీమీటర్ల లోతున్న రిమ్ము గంటకు 45 కిలోమీటర్ల వేగంలో 10 వాట్లు మిగులుస్తుందని కంపెనీ చెప్పిందనుకోండి. 30 కిలోమీటర్ల వేగంలో అది మూడు వాట్లకు పడిపోతుంది. మీరు రేణిగుంట దాటి కాళహస్తి రోడ్డు మీద ఒంటరిగా 35 పైన నిలకడగా తొక్కేవారైతే లోతైన రిమ్ముకు అర్థం ఉంది. నలుగురితో కలిసి ముందువాళ్ల చాటున పోయేవారైతే ఆ మూడు వాట్లలో కూడా కోత పడుతుంది.

రిమ్ము వెడల్పు గురించి దుకాణాల్లో తక్కువ మాట్లాడతారు. మన రోడ్ల మీద నాకు ఎక్కువ తేడా తెలిసింది అక్కడే. లోపలి వెడల్పు 19 నుంచి 21 ఉన్న రిమ్ము మీద 28 టైరు వేసి, డెబ్బై కిలోల మనిషి 65 నుంచి 75 పీఎస్‌ఐ గాలి పెట్టుకుంటే చాలు. పాత రోజుల్లో 110 కొట్టుకుని ప్రతి అతుకు దగ్గరా పళ్లు బిగపట్టేవాళ్లం. చంద్రగిరి నుంచి రంగంపేట వైపు, అక్కడి నుంచి కల్యాణి డ్యాం వైపు తొక్కినవారికి ఈ తేడా ఎంత విలువైనదో నడుమే చెబుతుంది.

ఒక చూపులో

ధరలు నేను ఈ మధ్య చూసినవి. రూపాయి విలువను బట్టి, పండగ తగ్గింపులను బట్టి అటూ ఇటూ అవుతాయి. టైర్ల వరసలో తప్ప బరువంటే రెండు చక్రాల జత బరువు.

| దారి | జత బరువు | సుమారు ధర | ఊళ్లో బాగుచేయించడం | ఎవరికి |
|---|---|---|---|---|
| చక్రాలు అలాగే ఉంచి టైర్లు, ట్యూబులు మార్చడం | 400 గ్రాముల దాకా తగ్గుదల | 10–15 వేలు | సులువు | ఇంకా మంచి టైరు వేయని ప్రతివారికీ |
| కంపెనీ మొదటి మెట్టు అల్యూమినియం | 1,900 గ్రాముల చుట్టూ | 10–18 వేలు | సులువు | పాత చక్రం అరిగిపోయినవారికి |
| చేత్తో అల్లించిన అల్యూమినియం | 1,700–1,900 | 25–45 వేలు | అన్నిటికన్నా సులువు | దూరాలు తొక్కేవారికి, బరువైనవారికి |
| కంపెనీ తేలికపాటి అల్యూమినియం | 1,550–1,650 | 35–60 వేలు | కష్టం | రిమ్ బ్రేకుతో ఘాట్లు ఎక్కి దిగేవారికి |
| కార్బన్, 35–50 మిల్లీమీటర్ల లోతు | 1,300–1,500 | 60 వేల నుంచి లక్షన్నర | చాలా కష్టం | డిస్క్ బ్రేకుతో వేగంగా తొక్కేవారికి |

చక్రాలు మార్చకపోవడం

ఇది కూడా ఒక ఎంపికే. చాలామంది విషయంలో సరైన ఎంపిక ఇదే.

సైకిలుతో వచ్చే తీగ అంచు టైరు ఒక్కొక్కటి 350 నుంచి 400 గ్రాములు తూగుతుంది. కాంటినెంటల్ జీపీ 5000 లాంటి మడత టైరు 25 సైజులో 220కి కాస్త పైన, 28లో 250 దగ్గర. మామూలు రబ్బరు ట్యూబు వంద గ్రాములు, సన్నటి ప్లాస్టిక్ రకం టీపీయూ ట్యూబు నలభై. రెండు చక్రాలకూ కలిపి చూసుకుంటే 400 గ్రాములు ఇక్కడే తగ్గుతాయి. అర లక్ష పెట్టి చక్రాల్లో తగ్గించబోయింది కూడా ఇంతే కదా! పైగా మంచి టైరు దొర్లేటప్పుడు వృథా అయ్యే శక్తి తగ్గుతుంది. ఆ లాభం ఎక్కుడులోనూ, చదునులోనూ, చాటున పోయేటప్పుడూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. టీపీయూ ట్యూబులు వేడికి మెత్తబడతాయి. రిమ్ బ్రేకు సైకిలు మీద ఘాట్లు దిగేవారు రిమ్ బ్రేకుకు పనికొస్తుందని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉన్న రకమే కొనాలి.

దీనితో పాటు పాత చక్రాలకు ఒకసారి బెండు తీయించి, హబ్బు విప్పి, పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టించండి. నాలుగైదేళ్లుగా విప్పని హబ్బులో గ్రీజు నల్లటి తారులా మారి ఉంటుంది. చక్రం మందంగా ఉందని తిట్టుకునేవాళ్లలో సగం మంది బాధ అక్కడే తీరిపోతుంది.

మొదటి మెట్టు అల్యూమినియం

షిమానో ఆర్‌ఎస్100 లాంటివి. వీటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గట్టివి, చవకవి, బరువైనవి. కోను, చిన్న ఉక్కు గుళ్లు ఉన్న హబ్బు కాబట్టి గ్రీజు మార్చడం ఏ మెకానిక్కుకైనా తెలిసిన పని. మీ పాత చక్రం బాగానే ఉంటే వీటికి డబ్బు పెట్టడం దండగ, ఎందుకంటే బరువులో తేడా పెద్దగా రాదు. రిమ్ము అరిగిపోతేనే వీటి వైపు చూడండి.

రిమ్ము అరిగిందని ఎలా తెలుస్తుంది? బ్రేకు రబ్బరు ఆనే పట్టీ మీద సన్నటి గాడో, చిన్న చుక్క లాంటి గుంటో ఉంటుంది. అది కనపడకుండా పోతే రిమ్ము పని అయిపోయినట్టే. వేలు పెట్టి నిమిరితే పట్టీ లోపలికి వంపు తిరిగి తెలుస్తుంది. ఈశాన్య ఋతుపవనాల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తడి ఇసుక బ్రేకు రబ్బరులో ఇరుక్కుని రిమ్మును ఆకురాయిలా అరగదీస్తుంది. ఒక్క వానాకాలంలో రెండు ఎండాకాలాలకు సరిపడా అరుగుదల చూశాను.

చేత్తో అల్లించుకోవడం

నా మనసు ఎటు మొగ్గుతుందో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

హబ్బు ఒకచోట, రిమ్ము ఒకచోట, స్పోకులు ఇంకొకచోట కొని, పని తెలిసిన మనిషితో అల్లించుకోవడం అన్నమాట. షిమానో 105 హబ్బులతో గాని, డీటీ స్విస్ 350 హబ్బులతో గాని మొదలుపెట్టవచ్చు. 105 హబ్బులో కోను, గుళ్లు. 350లో మూసి ఉండే బేరింగులు, అవి అరిగితే కొత్తవి దిగ్గొట్టుకోవాలి. రిమ్ముకు డీటీ స్విస్ ఆర్460 లాంటిది చాలు, లోపలి వెడల్పు 18. డిస్క్ సైకిలైతే ఇంకా వెడల్పు ఉన్నది చూడండి. స్పోకులు మెడ దగ్గర వంపు ఉన్న మామూలు రకం, మధ్యలో సన్నబడేవి. ముందు 28, వెనక 32.

మధ్యలో సన్నటి స్పోకులు బలహీనం అనుకుంటారు. నిజానికి స్పోకు తెగేది ఎక్కువగా మెడ వంపు దగ్గర, లేదా నిపుల్ (రిమ్ము వైపు స్పోకును బిగించే చిన్న నట్టు) దగ్గరి మరల దగ్గర. మధ్య భాగం సన్నగా ఉంటే దెబ్బ తగిలినప్పుడు అది కొంచెం సాగి, మెడ మీద పడే ఒత్తిడిని తగ్గిస్తుంది. అందుకే చివరలు లావుగా, నడుము సన్నగా ఉన్న స్పోకు ఎక్కువ కాలం బతుకుతుంది.

ఈ పని ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. మా మెకానిక్కు స్పోకులన్నీ గుచ్చి, నిపుల్స్‌ను వేళ్లతో సమంగా బిగించి, చక్రాన్ని స్టాండుకు ఎక్కిస్తాడు. కాసేపటి దాకా చక్రం వంకరను పట్టించుకోడు. ఒక్కో స్పోకునూ గోటితో మీటుతూ చెవి ఒగ్గి వింటాడు. ఒకే పక్క స్పోకులన్నీ ఒకే శ్రుతిలో పలికేదాకా స్పోకు తాళం తిప్పుతూనే ఉంటాడు. తర్వాత పక్కపక్కన ఉన్న స్పోకులను రెండేసి జతలుగా పట్టుకుని గట్టిగా పిసుకుతాడు, కణకణమని శబ్దం వస్తుంది. మెలిపడ్డ స్పోకులు విడివడి, మెడలు హబ్బు రంధ్రాల్లో సరిగా కూర్చోవడం అది. ఆ తర్వాత మళ్లీ బెండు చూస్తాడు. ఇలా నాలుగైదు సార్లు. కొలిచే పరికరం ఉన్నవాళ్లు క్యాసెట్ వైపు 100 నుంచి 120 కిలోల బిగువు ఉండేలా చూస్తారు. పరికరం లేకపోయినా శ్రుతి కలిపే చెవి ఉంటే చక్రం నిలుస్తుంది. పిసకకుండా ఇచ్చిన చక్రం మాత్రం మొదటి వంద కిలోమీటర్లలోనే వదులవుతుంది.

లోపం కూడా చెప్పాలి. ఈ చక్రం చూడటానికి మామూలుగా ఉంటుంది. "కొత్త చక్రాలు కొన్నావా, ఎక్కడ?" అని అడుగుతారు. గాలిని కోయడంలో వెనకబడుతుంది. అల్లే మనిషి నైపుణ్యం మీద అంతా ఆధారపడి ఉంటుంది, చెయ్యి తిరగనివాడికి ఇస్తే సామాను ఎంత మంచిదైనా వృథా. కానీ దారిలో ఒక స్పోకు తెగితే ముప్పై ఒకటి మిగులుతాయి. తెగిన ముక్కను పక్క స్పోకుకు చుట్టి, బ్రేకు వదులు చేసుకుని ఇంటికి వచ్చేయవచ్చు. మర్నాడు ఊళ్లోనే కొత్త స్పోకు వేయించుకోవచ్చు. పొడవు రాసి పెట్టుకుని, ప్రతి పొడవులోనూ రెండేసి స్పోకులు ఇంట్లో ఉంచుకుంటే అసలు బెంగే ఉండదు.

కంపెనీ తేలికపాటి అల్యూమినియం

కాంపాగ్నోలో కంపెనీ వారి జోండా, ఫుల్‌క్రమ్ రేసింగ్ 3 ఈ తరగతికి పేరు తెచ్చిన చక్రాలు. రిమ్ బ్రేకు రకాల్లో ముందు 16, వెనక 21 స్పోకులు. వెనక క్యాసెట్ వైపు 14, రెండో వైపు 7. రెండు పక్కలా బిగువు సమానంగా ఉండటానికి చేసిన తెలివైన ఏర్పాటు అది. ఎక్కేటప్పుడు గట్టిగా, దిగేటప్పుడు నమ్మకంగా ఉంటాయి. అల్యూమినియం పట్టీ మీద బ్రేకు వానలోనూ పట్టు ఇస్తుంది, వేడిని త్వరగా వదిలేస్తుంది.

మరి నేనెందుకు వెనకాడుతున్నాను? స్పోకులు ఆ చక్రానికే చేసినవి. దొరకవని కాదు, దొరికేసరికి నెల గడుస్తుంది. ఈ దారి ఎంచుకుంటే చక్రంతో పాటే మూడు రకాల పొడవుల్లో రెండేసి స్పోకులు కొనిపెట్టుకోండి. అమ్మేవాడు తెప్పించలేనంటే, ఆ చక్రం అతని దగ్గర కొనకండి.

కార్బన్

ఇక్కడ మాట రెండుగా చీలుతుంది. డిస్క్ బ్రేకు సైకిలు మీద కార్బన్ రిమ్ము బాగానే పనిచేస్తుంది. రిమ్ బ్రేకు సైకిలు మీద, మన ఘాట్లలో దిగేవారికి, నేను వద్దంటాను.

కారణం వేడి. కార్బన్ పోగులను పట్టి ఉంచేది రెసిన్. అల్యూమినియం వేడిని చుట్టూ పంచి గాలికి వదిలేస్తుంది, కార్బన్ అలా పంచలేదు. హార్స్‌లీ హిల్స్ శిఖరం 1,265 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి మలుపు మలుపుకూ బ్రేకు పట్టుకుంటూ దిగితే ఆ వేడంతా రిమ్ము అంచులోనే పోగవుతుంది. రెసిన్ మెత్తబడితే అంచు పొంగుతుంది, పొరలు విడిపోతాయి. మంచి కంపెనీలు వేడికి ఓర్చే రెసిన్ వాడతాయి, ప్రత్యేకమైన బ్రేకు రబ్బర్లు ఇస్తాయి. అయినా మే నెలలో తారు నుంచి సెగలు లేస్తున్నప్పుడు, ఎనభై కిలోల మనిషి దిగుతున్నప్పుడు అంత నమ్మకం నాకు లేదు. వానలో అయితే బ్రేకు నొక్కిన తర్వాత అది పట్టేదాకా గుండె చేతిలో పెట్టుకోవాలి.

డిస్క్ సైకిలుకు ఈ గొడవ లేదు. 1,400 గ్రాముల చుట్టూ ఉండే చైనా చక్రాలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. విన్‌స్పేస్, ఎలైట్‌వీల్స్ లాంటివి పేరు తెచ్చుకున్నాయి. నేరుగా తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, పన్ను కలిపి లెక్క వేయండి. వెబ్‌సైటులో కనపడే ధర సగం కథే. వారంటీ కింద వెనక్కి పంపాలంటే కొరియరు ఖర్చు ఎవరిదో ముందే అడగండి. కొన్నింటిలో స్పోకులు కూడా కార్బన్‌వే. అవి తెగితే మన మెకానిక్కు చేతులు కట్టుకుని చూడటమే.

లోతు ఎంత? 35 నుంచి 45 మధ్య ఆగండి. లోతైన ముందు చక్రం పక్క గాలికి తెరచాపలా పనిచేస్తుంది. తిరుపతి–చిత్తూరు హైవే మీద లారీ పక్క నుంచి పోతున్నప్పుడు గాలి చాటు, దాటిన మరుక్షణం ఒక్కసారిగా తోపు. యాభై అయిదు కిలోల మనిషి 60 మిల్లీమీటర్ల రిమ్ముతో అక్కడ తెల్ల గీత దాటి రోడ్డు మధ్యలోకి జరిగిపోవడం కళ్లారా చూశాను. మోజు ఆగకపోతే వెనక మాత్రం లోతైనది వేసుకోండి, స్టీరింగు దాని చేతిలో ఉండదు.

వాడిన కార్బన్ చక్రాలు, ముఖ్యంగా రిమ్ బ్రేకువి, ఎంత చవకగా వచ్చినా కొనకండి. లోపలి పగులు పైకి కనపడదు.

ట్యూబు లేకుండానా, ట్యూబుతోనా?

తుమ్మ ముళ్లు ఉన్నంతకాలం మన పల్లె రోడ్ల మీద ట్యూబ్‌లెస్‌కు విలువ ఉంటుంది. చిన్న ముల్లు గుచ్చుకుంటే లోపల పోసిన సీలెంట్ అనే ద్రవం అక్కడికక్కడే గడ్డకట్టి మూసేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. కానీ మన ఎండలకు సీలెంట్ త్వరగా ఎండిపోతుంది. రెండు మూడు నెలలకొకసారి చూసి మళ్లీ పోయాలి. వారం వారం తొక్కేవారు పెట్టుకోండి. నెలకొకసారి సైకిలు దుమ్ము దులిపేవారికి ట్యూబే మేలు.

అంచున కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ముల దగ్గర ఇంకో లెక్క ఉంది. రోడ్డు టైర్లకు వాటిలో గాలి 5 బార్లకు, అంటే 72.5 పీఎస్‌ఐకి మించకూడదు. దానికి సరిపడే టైరే వేయాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ పందెంలో బెల్జియం రేసరు థామస్ డి గెండ్ట్ టైరు ఊడి పడిపోయిన తర్వాత ఈ రిమ్ముల మీద పెద్ద చర్చే జరిగింది. పెట్రోలు బంకులో అడాప్టరు పెట్టి గాలి పట్టించే అలవాటు ఉన్నవారు, తొంభై కిలోలు దాటి సన్నటి టైరు వాడేవారు కొక్కెం ఉన్న రిమ్మే అడిగి తీసుకోండి.

మీరు ఎవరు?

ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం తెల్లవారుజామున శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి వైపు ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కేవారు: మంచి టైర్లు, హబ్బుకు గ్రీజు. అంతే. మిగిలిన డబ్బుతో మంచి ముందు లైటు, వెనక లైటు కొనండి.

రెండు వందలు, మూడు వందల కిలోమీటర్ల బ్రెవేలు (గడువు లోపల పూర్తిచేసే దూరపు సవారీలు) తొక్కేవారు, రాత్రిళ్లు ఊరు కాని ఊళ్లో ఉండేవారు: చేత్తో అల్లించిన చక్రాలు, 28 టైరు. దీని గురించి నాకు రెండో ఆలోచన లేదు. ముందు హబ్బు డైనమో రకం వేయించుకుంటే లైటు బెంగ కూడా తీరుతుంది, ఆ వెసులుబాటు రెడీమేడ్ చక్రాల్లో అరుదు.

తొంభై కిలోలు పైబడినవారు: చక్రం పెట్టె మీద గరిష్ఠ బరువు ఎంత రాశారో చూడండి. చాలా తేలిక చక్రాలకు మనిషి, సైకిలు, సంచి కలిపి పరిమితి ఉంటుంది. తొంభై కిలోల మనిషి, తొమ్మిది కిలోల సైకిలు, రెండు బాటిళ్లు కలిస్తే వంద దాటేస్తుంది. ముప్పై రెండు స్పోకుల వైపే రండి.

రిమ్ బ్రేకు సైకిలు ఉండి, మొగిలి ఘాట్, హార్స్‌లీ హిల్స్ అంటే ప్రాణం పెట్టేవారు: తేలికపాటి అల్యూమినియం, విడి స్పోకులతో సహా. కార్బన్ చక్రాల డబ్బు దాచుకుంటే రేపు డిస్క్ సైకిలుకు పనికొస్తుంది.

డిస్క్ సైకిలు ఉండి, పందేలకు వెళ్లేవారు, గడియారమే ముఖ్యమనుకునేవారు: 40 మిల్లీమీటర్ల కార్బన్, లోపలి వెడల్పు 21 పైన, మెడ వంపు ఉన్న స్పోకులు వేసిన రకం వెతకండి. కార్బన్ రిమ్ముతో మామూలు స్పోకులు ఉన్న చక్రాలు ఉన్నాయి, కొంచెం ఓపికగా చూడాలి.

కాలేజీ విద్యార్థి అడిగితే మాత్రం నేను ఇంకో మాట అంటాను: "తమ్ముడూ, ఆ డబ్బుతో ముందు ఒంటికి సరిపడే సైజు సైకిలు చూసుకో."

పెట్టె ఇంటికి వచ్చాక

టైరు ఎక్కించే ముందు చక్రాన్ని ఫ్రేములో పెట్టి తిప్పండి. బ్రేకు రబ్బరు పక్కన గాని, డిస్క్ సైకిలైతే ఫ్రేముకు ఒక పుల్ల కట్టి గాని రిమ్ము అటూ ఇటూ ఊగుతోందా, పైకీ కిందికీ లేస్తోందా చూడండి. అర మిల్లీమీటరుకు మించితే వెనక్కి పంపండి. ఒకే పక్క స్పోకులను గోటితో మీటండి. ఒకటి తీగలా, ఇంకొకటి తాడులా పలికితే ఎంత పేరున్న చక్రమైనా ముందు మెకానిక్కు దగ్గరికి వెళ్లాలి. ఇరుసును వేళ్లతో తిప్పితే గరగర అనిపించకూడదు. రిమ్ము టేపు స్పోకు రంధ్రాలన్నిటినీ కప్పిందా చూడండి. ఒక్క రంధ్రం అంచు బయటపడ్డా నడి ఎండలో ట్యూబు అక్కడే పగులుతుంది.

అల్యూమినియం నుంచి కార్బన్‌కు మారే రిమ్ బ్రేకువారు, నా మాట వినకుండా కొన్నా సరే, పాత రబ్బర్లు వాడకండి. వాటిలో గుచ్చుకున్న అల్యూమినియం రవ్వలు కార్బన్ పట్టీని గీకేస్తాయి.

రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగువు చూపించండి.

పాత చక్రాలను అమ్మకండి. ఎంత తెచ్చినా రెండు మూడు వేలకు మించదు. పాత క్యాసెట్‌తో సహా గోడకు తగిలించి ఉంచండి. నవంబరులో వాయుగుండం పట్టి స్వర్ణముఖి నిండి, రోడ్లన్నీ ఇసుకా బురదా అయినప్పుడు నేను దించేది వాటినే. కొత్తవి అప్పుడు పాత దుప్పటి కప్పుకుని మంచం కింద పడుకుంటాయి.